పాత ఓపెన్ టాప్ స్పోర్ట్స్ కారుని ట్రస్టుకి ఇవ్వాలంటే: కారు ఇవ్వాలా, డబ్బు ఇవ్వాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. నాన్నగారు 2006లో లండన్‌లో కొన్న బీఎండబ్ల్యూ జెడ్4 ని, మరుసటి ఏడాది ఉద్యోగం ముగించుకుని హైదరాబాద్ వచ్చేస్తూ వెంట తెచ్చుకున్నారు. రెండు సీట్లు, గుడ్డ టాప్, ఏపీ09 నంబరు. కోవిడ్ నుంచి బంజారాహిల్స్ ఇంటి షెడ్డులో కదలకుండా ఉంది. ఆర్సీ గడువు 2022లో అయిపోయింది. డెబ్బై నాలుగేళ్ళ వయసులో, మోకాళ్ళ నొప్పులతో ఆయన అంత కిందికి ఉన్న సీట్లో కూర్చోలేరు, కూర్చున్నా లేవలేరు. అమ్మడం ఆయనకి ఇష్టం లేదు, ఏదైనా ఆసుపత్రి ట్రస్టుకో అనాథాశ్రమానికో ఇచ్చేద్దామంటున్నారు. డాలస్‌లో ఉన్న మీ అన్నయ్యేమో ‘ఇక్కడ ఒక్క ఫోన్ కొడితే వచ్చి తీసుకెళ్ళిపోతారు, ట్యాక్స్ కూడా తగ్గుతుంది, అక్కడా అంతే అయ్యుంటుంది’ అన్నారు. ఎవరికివ్వాలి, పన్ను రాయితీ వస్తుందా అని అడిగారు.

నేను ఆడిటర్ని. సేవా ట్రస్టుల లెక్కలు చూడటం నా పని, పాత కార్లు నా పిచ్చి. ఈ రెండూ కలిసిన ప్రశ్న ఎప్పుడో కానీ రాదు కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తున్నాను. ఓపిక లేనివాళ్ళ కోసం ముందే తేల్చి చెబుతా: కారుని ఇవ్వకండి. మీరే అమ్మి, ఆ డబ్బుని నాన్నగారి ఖాతాలోంచి, ఆయన పేరు మీదే ట్రస్టుకి ఇవ్వండి. ఆయన కోరిక అలాగే తీరుతుంది, పైగా ట్రస్టుకి తలనొప్పి ఉండదు.

అన్నయ్య చెప్పింది అమెరికా వరకు నిజమే. అక్కడ కారు దానం ఒక పెద్ద వ్యవస్థ. టో ట్రక్కు వస్తుంది, కారు వేలానికి వెళ్తుంది, వచ్చిన డబ్బులో ఖర్చులు పోగా మిగిలింది సంస్థకి చేరుతుంది. అయితే అక్కడ కూడా ఒకప్పటి ఉదారత లేదు. 2004లో చట్టం మార్చి 2005 నుంచి బిగించారు. ఐదు వందల డాలర్లు దాటి రాయితీ కావాలంటే, మామూలుగా ఆ కారు వేలంలో ఎంతకి పోయిందో అంతవరకే. అందుకు సంస్థ 1098-సి అనే ఫారం ఇస్తుంది. అంటే అక్కడ కూడా చివరికి లెక్కలోకొచ్చేది కారు కాదు, కారు తెచ్చిన డబ్బు. మన దగ్గర ఆ మధ్యలో ఉండే వ్యవస్థ మొత్తం లేదు. కాబట్టి ఆ పని మీరే చేసుకోవాలి.

ఇక మన చట్టం. ఆదాయపు పన్ను చట్టం 80జి కింద రాయితీ డబ్బు రూపంలో ఇచ్చిన విరాళానికే. వస్తువులిస్తే లేదు. బియ్యం బస్తాలిచ్చినా, దుప్పట్లిచ్చినా, కారు ఇచ్చినా రాయితీ సున్నా. ‘ఐదు లక్షల విలువైన కారు స్వీకరించాం’ అని ట్రస్టువాళ్ళు మంచి లెటర్‌హెడ్ మీద రాసిచ్చినా అది గోడకి తగిలించుకోవడానికే తప్ప రిటర్నులో పనికిరాదు. నోట్లు ఇచ్చినా రెండు వేలు దాటితే చెల్లదు. చెక్కు, ఆన్‌లైన్ బదిలీ, డీడీ, ఇవే దారులు. 2026 ఏప్రిల్ నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ నంబర్లు మారాయి. ట్రస్టుల రసీదుల మీద ఇంకా 80జి అనే కనిపిస్తే కంగారు పడకండి.

డబ్బుగా ఇచ్చినా ఎంత మిగులుతుందో చూద్దాం, ఎందుకంటే చాలామంది ఇక్కడ ఊహల్లో ఉంటారు. కారు ఐదు లక్షలకి పోయిందనుకుందాం (ధర చెప్పడం లేదు, లెక్క కోసమే). నాన్నగారికి పెన్షను, వడ్డీలు కలిపి ఏడాదికి తొమ్మిది లక్షలనుకుందాం. మామూలు సేవా ట్రస్టుకి ఇచ్చిన విరాళంలో, ఆదాయంలో పది శాతం వరకే లెక్కలోకి తీసుకుంటారు, అందులో సగమే తగ్గిస్తారు. అంటే తొంభై వేలు లెక్కలోకి, నలభై ఐదు వేలు రాయితీకి. ఇరవై శాతం శ్లాబులో సెస్సుతో కలిపి మిగిలేది 9,360 రూపాయలు. ఐదు లక్షలిస్తే!

అసలు తిరకాసు ఆ తర్వాత ఉంది. కొత్త పన్ను విధానంలో 80జి లేదు. కానీ అదే విధానంలో 2025-26 నుంచి పన్నెండు లక్షల వరకు మామూలు ఆదాయం మీద పన్నే లేదు. తొమ్మిది లక్షలున్న మనిషి ఈ తొమ్మిది వేల కోసం పాత విధానంలోకి వెళ్తే ఎనభై వేలకి పైగా పన్ను కట్టాల్సి వస్తుంది. కాబట్టి నాన్నగారి ఆదాయం ఆ స్థాయిలో ఉంటే పన్ను సంగతి పూర్తిగా మర్చిపోండి, దానం దానంలాగే ఇవ్వండి. అద్దెలవీ కలిసి ఆదాయం ఇరవై లక్షలు దాటుతుంటే మాత్రం రెండు విధానాల్లోనూ లెక్క వేయించండి. అప్పుడు కూడా రెండు సంగతులు గుర్తుపెట్టుకోండి. ముఖ్యమంత్రి సహాయ నిధి, ప్రధాని జాతీయ సహాయ నిధి లాంటివాటికి ఇస్తే పది శాతం పరిమితి లేకుండా నూటికి నూరు శాతం తగ్గుతుంది. ట్రస్టుకే ఇవ్వాలనుకుంటే సగం మార్చిలో, సగం ఏప్రిల్‌లో ఇస్తే పది శాతం పరిమితి రెండేళ్ళకి రెండుసార్లు దొరుకుతుంది. పరిమితి దాటిన సొమ్ముని వచ్చే ఏడాదికి మోసుకెళ్ళే వీలు లేదు.

కారు అమ్మిన డబ్బు మీద పన్ను ఉంటుందేమోనని భయం వద్దు. సొంతానికి వాడుకున్న కారు వ్యక్తిగత వస్తువు కిందికి వస్తుంది, అమ్మకం లాభం మీద పడే క్యాపిటల్ గెయిన్స్ పన్ను లేదు. ఎప్పుడైనా నాన్నగారి కంపెనీ పుస్తకాల్లో పెట్టి తరుగుదల చూపించి ఉంటే మాత్రం కథ వేరు, మీ ఆడిటర్ని అడగండి.

పన్ను సంగతి పక్కన పెట్టినా కారుని కారుగా ఇవ్వొద్దనడానికి నాకు ఇంకా పెద్ద కారణం ఉంది. నేను లెక్కలు చూసిన ఒక వృద్ధాశ్రమానికి ఒక పెద్దాయన తన పాత విదేశీ సెడాన్ ఇచ్చారు. శాలువా కప్పారు, ఫొటోలు దిగారు. కమిటీలో అందరికీ సంతోషమే. ఆ తర్వాత దాన్ని పేరు మార్పించడానికి ఒకరు తిరగాలి, ఇన్సూరెన్స్ కట్టాలి. డ్రైవరు దాన్ని ముట్టుకోడు, ఎందుకంటే ఒక్క సెన్సరు పోతే ఆశ్రమం నెల కూరగాయల ఖర్చవుతుంది. వేప చెట్టు కింద పెట్టారు, ఎలుకలు వైరింగ్ కొరికేశాయి. అమ్ముదామంటే కమిటీ తీర్మానం కావాలి. ‘ఆయన ఇచ్చిన కారుని అప్పుడే అమ్మేస్తే ఏమనుకుంటారో’ అని మొహమాటం. చివరికి తుక్కు కింద పోయింది, అప్పటికి దాని మీద పెట్టిన ఖర్చు కూడా రాలేదు. ఆ కారు వచ్చిన నెలలోనే దాత తానే అమ్మి ఇచ్చుంటే ఆ ఆశ్రమానికి ఒక ఏడాది మందుల ఖర్చు తీరేది. ఆయన మనసు మంచిదే, ఇచ్చిన పద్ధతే వాళ్ళకి భారమైంది.

అది నాలుగు డోర్ల కారు. మీది రెండు సీట్లది. పేషెంట్లని ఎక్కించలేరు, అన్నం గిన్నెలు పెట్టలేరు, స్పీడ్ బ్రేకరు వస్తే కింద గీరుకుంటుంది. ఏ ట్రస్టుకీ అది బండిగా పనికిరాదు. వాళ్ళు కూడా అమ్మాల్సిందే. అమ్మడంలో మీకున్న ఓపికలో పదో వంతు కూడా వాళ్ళకి ఉండదు, వచ్చిన మొదటి బ్రోకరుకి ఇచ్చేస్తారు.

ఇప్పుడు మీ అసలు సమస్య: ఆర్సీ. మోటారు వాహనాల చట్టం ప్రకారం సొంత కారు రిజిస్ట్రేషను పదిహేనేళ్ళకి, ఆ తర్వాత ఐదేసి ఏళ్ళకి పొడిగించుకోవాలి. 2022 ఏప్రిల్ 1 నుంచి ఈ రెన్యువల్ ఫీజు మామూలు కారుకి 5,000, దిగుమతి చేసుకున్న కారుకి 40,000. ఆలస్యమైతే కారుకి నెలకి 500 అదనం, అంటే ఏడాదికి 6,000 పెరుగుతూ పోతుంది. 2025 ఆగస్టులో కేంద్రం మళ్ళీ సవరించి ఇరవై ఏళ్ళు దాటిన దిగుమతి కార్లకి 80,000 చేసింది. మీ కారు ఆ గీతకి దగ్గర్లోనే ఉంది కాబట్టి ‘దసరా తర్వాత చూద్దాం’ అనుకోకండి. వీటికి తోడు రాష్ట్ర గ్రీన్ ట్యాక్సు, పెండింగ్ చలాన్లు ఏమైనా ఉంటే అవి. రెన్యువల్ కాని ఆర్సీ పేరు మారదు. అంటే ఇవాళ మీరు ట్రస్టుకి ఈ కారు ఇస్తే, తాళంతో పాటు అరవై వేల దగ్గరి బిల్లు కూడా చేతిలో పెట్టినట్టే.

కాబట్టి ముందు నాన్నగారి పేరు మీదే రెన్యువల్ చేయించండి. ఫారం 25 (రెన్యువల్ దరఖాస్తు), ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్, స్లాట్ బుకింగు, ఆ తర్వాత బ్రేక్ ఇన్‌స్పెక్టర్ కారుని కళ్ళారా చూడాలి. గడువు తీరిన ఆర్సీతో కారుని రోడ్డు మీద నడపకూడదు. మొదటిసారి పట్టుకుంటే జరిమానా ఐదు వేల దాకా. అంతకంటే పెద్ద ప్రమాదం, దారిలో ఎవరికైనా తగిలితే. కారుని పైకెక్కించుకుని మోసుకెళ్ళే ఫ్లాట్‌బెడ్ బండి మాట్లాడుకోండి. మాట్లాడేటప్పుడే ‘కారు బాగా కిందికి ఉంటుంది, చెక్క పలకలు తీసుకురండి’ అని చెప్పండి. లేకపోతే ర్యాంపు ఎక్కేటప్పుడు ముందు బంపరు పెదవి విరిగిపోతుంది, దాని ధర మీకు నచ్చదు. ముందు రెండు చక్రాలు గాల్లోకి ఎత్తి లాక్కెళ్ళే రకం టోయింగు అసలు వద్దు, జెడ్4 లో ఇంజను తిప్పేది వెనక చక్రాల్ని.

పదిహేనేళ్ళు దాటిన పెట్రోలు కారుని ప్రభుత్వం పట్టుకుపోతుందని ఎవరైనా భయపెడితే, అది ఢిల్లీ చుట్టుపక్కల గొడవ. హైదరాబాద్‌లో వ్యక్తిగత కార్లకి ఆ నిషేధం లేదు. 2023 ఏప్రిల్ నుంచి పదిహేనేళ్ళకి తప్పనిసరిగా తుక్కు చేయమన్నది ప్రభుత్వ శాఖల బళ్ళకి. బ్రోకర్లు ఈ రెండూ కలిపి చెప్పి ధర తగ్గిస్తుంటారు.

కారు దగ్గరికి వద్దాం, ఇదే నాకు ఇష్టమైన భాగం. ఇన్నేళ్ళు ఆగిన కారుని ‘ఒకసారి స్టార్ట్ చేసి చూద్దాం’ అని కొత్త బ్యాటరీ పెట్టి తాళం తిప్పకండి. ట్యాంకులో ఉన్నది ఇథనాల్ కలిసిన పాత పెట్రోలు, అది తేమని పీల్చుకుంటుంది. ముందు దాన్ని తీయించి కొత్తది పోయించండి, ఇంజన్ ఆయిలు, కూలెంటు మార్పించండి. 2006 నుంచి ఈ మోడల్లో వచ్చిన ఆరు సిలిండర్ల ఇంజనులో వాటర్ పంపు బెల్టుతో తిరిగేది కాదు, కరెంటుతో తిరిగేది. పోయేటప్పుడు చెప్పాపెట్టకుండా పోతుంది. అందుకని మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు ఏసీ వేసుకుని అరగంట ఐడిల్‌లో పెట్టి కాఫీకి వెళ్ళొద్దు. పక్కనే నిలబడి చూస్తుండాలి. ఇంజను వేడెక్కిందని లైటు వెలిగితే ఆపేయాలి.

టాప్ స్విచ్ నొక్కే ముందు ఇంకో పని. ఈ తరం జెడ్4 లో టాప్‌ని లేపే హైడ్రాలిక్ పంపు మోటారు సీటు వెనక, పక్కన కింది గుంటలో ఉంటుంది. టాప్ మీద పడ్డ వాన నీళ్ళు అదే దారిలో చిన్న గొట్టం గుండా కిందికి పోవాలి. వేపాకులు, తురాయి పూల రేకలు, దుమ్ము కలిసి ఆ గొట్టం పూడిపోతే నీళ్ళు గుంటలో నిలిచి మోటారు మునిగిపోతుంది. ఈ కారుకి ప్రపంచమంతా ఉన్న జబ్బు ఇదే. పరీక్ష చాలా తేలిక. డోరు తెరిచి, టాప్ మడత పడే చోట ఉన్న కాలవలోకి ఒక గ్లాసుడు నీళ్ళు మెల్లిగా పోయండి. వెనక చక్రానికి కాస్త ముందు, కారు కిందనుంచి చుక్కలు పడితే బాగున్నట్టు. పడకపోతే ఇంకో గ్లాసు పోయకండి, గొట్టం శుభ్రం చేయించండి. మోటారు అప్పటికే పోయుంటే కొత్తది వేయించకండి, చాలా ఖరీదు. టాప్‌ని చేత్తో కూడా మూయొచ్చు. కొనే పిచ్చివాళ్ళకి ఈ సంగతి తెలుసు. వాళ్ళు మోటారుని డిక్కీలోకి మార్పించుకుంటారు. మీరు ఉన్నది ఉన్నట్టు చెబితే చాలు.

అమ్మే ముందు కారుని అందంగా చేద్దామనే ఆత్రం ఆపుకోవాలి. కొత్త పెయింటు వేయిస్తే ధర పెరగదు, తగ్గుతుంది. కొనేవాడు పెయింటు మందం కొలిచే మీటరు తెస్తాడు, ‘ఎక్కడ గుద్దారు’ అని అడుగుతాడు. సీట్లకి రెగ్జిన్ కవర్లు వద్దు. టాప్ గుడ్డ చిరిగిందని లోకల్‌గా కుట్టించొద్దు. విడిభాగాల బజారు రాణిగంజ్‌లో దొరకనిది లేదంటారు కానీ ఈ టాప్ మాత్రం దొరకదు. టైర్ల పక్క గోడ మీద నాలుగంకెలు చూడండి. 3514 అంటే 2014లో ముప్ఫై ఐదో వారంలో తయారైనట్టు. అలాంటివి ఎంత కొత్తగా కనబడినా వాటి మీద టెస్ట్ డ్రైవ్ ఇవ్వొద్దు. పైగా ఈ కారుకి స్టెపినీ లేదు, గాలి పోయినా కొంత దూరం నడిచే రన్‌ఫ్లాట్ టైర్ల మీదే వచ్చింది. టైర్లు మారిస్తే సరే, మార్చకపోతే ‘టైర్లు మార్చుకోవాలి’ అని ప్రకటనలోనే రాసి ధర తగ్గించండి. మీరు పెట్టాల్సిన ఖర్చల్లా కడిగించడం, బ్యాటరీ, ద్రవాలు, ఆ కాగితాలు. అంతే.

కాగితాల దగ్గర మీకొక అదృష్టం ఉండొచ్చు, వెతకండి. నాన్నగారి పాత ఫైళ్ళలో 2007 నాటి కస్టమ్స్ బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతి వివరాల పత్రం), సుంకం కట్టిన రసీదు, బ్రిటన్ రిజిస్ట్రేషన్ కాగితం నకలు, సర్వీసు పుస్తకం, రెండో తాళం. 2025 సెప్టెంబరులో కేరళలో కస్టమ్స్‌వాళ్ళు భూటాన్ మీదుగా దొంగతనంగా వచ్చిన కార్ల కోసం దాడులు చేశాక, దిగుమతి కారు కొనేవాళ్ళందరూ మొదట అడిగేది బిల్ ఆఫ్ ఎంట్రీయే. ఛాసీ నంబరు మూడు చోట్లా ఒకటే ఉండాలి: కారు మీద, ఆర్సీలో, ఆ బిల్లులో. ఇవన్నీ ఉన్న కారుకీ లేని కారుకీ ధరలో తేడా మీరు కొత్త పెయింటుతో తెచ్చుకోగలిగే దానికన్నా చాలా ఎక్కువ.

ధరకి ఇన్సూరెన్సు కాగితంలో ఉన్న విలువని నమ్ముకోకండి. ఐదేళ్ళు దాటిన కార్లకి అది కంపెనీ, మీరు కలిసి అనుకున్న అంకె మాత్రమే. ఇలాంటి కారుకి హైదరాబాద్‌లో కొనేవాళ్ళు తక్కువ. బెంగళూరు, ముంబయి, కొచ్చి వాళ్ళు చూసే చోట పెట్టండి. బయటి రాష్ట్రం వాడైతే ఫారం 28 మీద ఎన్ఓసీ (అభ్యంతరం లేదని ఆర్టీఏ ఇచ్చే పత్రం) కావాలి, కాస్త టైం పడుతుంది. రెండు నెలలు ఆగగలిగితే బ్రోకరు మాటకీ అసలు ధరకీ తేడా మీకే తెలుస్తుంది. ఆ తేడా అంతా ట్రస్టుకి వెళ్ళే డబ్బే కదా, బేరం గట్టిగా ఆడండి, మొహమాటపడకండి. డబ్బు బ్యాంకు ద్వారానే తీసుకోండి. రెండు లక్షలు, ఆపైన నగదు తీసుకుంటే తీసుకున్నవాళ్ళకే అంత మొత్తం జరిమానా పడే వీలుంది.

తాళం చేతులు మారే రోజు గురించి ఒక్క మాట గట్టిగా. సంతకాలు చేసిన ఖాళీ ఫారం 29, 30 (ఆర్సీలో పేరు మార్పించేవి) ఎవరికీ ఇవ్వకండి, ‘ట్రస్టు తరఫున వచ్చాం’ అన్నా సరే. నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ అని 2018లో సుప్రీంకోర్టు తీర్పు ఒకటుంది. 2007లో కారు అమ్మేసిన మనిషి ఆర్సీలో పేరు మార్పించలేదు, కారు చేతులు మారుతూ పోయింది, 2009లో ప్రమాదం చేసింది. ఆర్సీలో ఎవరి పేరుంటే వాళ్ళే యజమాని, పరిహారం ఆయనే కట్టాలి అని తేల్చారు. రాష్ట్రంలోపల అమ్మితే పద్నాలుగు రోజుల్లో, బయటి రాష్ట్రానికైతే నలభై ఐదు రోజుల్లో అమ్మినట్టు ఆర్టీఏకి తెలపడం అమ్మినవాళ్ళ బాధ్యత. నేనైతే కొత్త ఆర్సీ స్టేటస్ ఆన్‌లైన్లో కనిపించేదాకా ఆ డబ్బుని ట్రస్టుకి పంపను. తేదీ, టైము రాసి ఇద్దరూ సంతకం చేసిన డెలివరీ కాగితం ఒకటి దగ్గరుంచుకోండి, ఆ తర్వాత వచ్చే చలాన్లకి అదే సాక్ష్యం.

కారుని కారుగానే ఇవ్వాలని నాన్నగారు పట్టుబడితే? ఒక్క సందర్భంలో నేను సరేనంటాను. ఇంజను పట్టేసి, రిపేరు ఖర్చు కారు ధరని మించిపోతే, ఆటోమొబైల్ విభాగం ఉన్న ఇంజనీరింగ్ కాలేజీనో పాలిటెక్నిక్‌నో అడగండి. పిల్లలు విప్పి చూసుకోవడానికి ఆరు సిలిండర్ల ఇంజను, మడత టాప్ హైడ్రాలిక్స్ దొరకడం వాళ్ళకి పండగే. అప్పుడు రిజిస్ట్రేషను రద్దు చేయించడం మర్చిపోకండి. రెన్యువల్ ఫీజు ఇబ్బంది ఉండదు, పన్ను రాయితీ కూడా ఉండదు. వాళ్ళు దాన్ని కోస్తారు, అది నాన్నగారు తట్టుకోగలరో లేదో ముందే అడగండి.

మ్యూజియం ఆశ వద్దు. చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్నది నిజాం గారి 1912 రోల్స్ రాయిస్. బహదూర్‌పురాలోని సుధా కార్ మ్యూజియం చేత్తో తయారుచేసిన వింత ఆకారాల బళ్ళది. చట్టం లెక్కలో వింటేజ్ అంటే మొదటి రిజిస్ట్రేషను నుంచి యాభై ఏళ్ళు. మీ కారు 2056 దాకా ఆగాలి. కారు పెట్టి టికెట్లమ్మి లక్కీ డ్రా తీద్దామని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. అనుమతి లేని లాటరీ నేరం, ట్రస్టు కూడా ఇరుక్కుంటుంది.

ట్రస్టు ఎంపిక మీ ఇష్టం, నేను ఒకరికే ఇవ్వమని చెప్పను. కళ్ళకి సంబంధించి ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి, క్యాన్సరు రోగులకి బసవతారకం, చివరి దశలో ఉన్నవాళ్ళకి స్పర్శ్ హాస్పీస్, తలసీమియా పిల్లల కోసం తలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ, ఇలా ఊళ్ళో పని కనబడే సంస్థలున్నాయి. ఎవరైనా సరే, 80జి అనుమతి ఇప్పటికీ చెల్లుతోందా అని ఆదాయపు పన్ను పోర్టల్లో చూసుకోండి. విరాళంతో పాటు నాన్నగారి పాన్ ఇవ్వండి, ఆర్థిక సంవత్సరం ముగిశాక మే 31 లోపల వాళ్ళు వివరాలు దాఖలు చేసి విరాళం సర్టిఫికెట్ (పాత చట్టంలో 10బిఈ) ఇవ్వాలి. రాయితీకి మామూలు రసీదు చాలదు, ఇది కావాలి.

ఆడిటర్‌గా ఇంకో చిన్న సలహా. విరాళంతో ఇచ్చే ఉత్తరంలో గొప్పగా ఉంటుందని ‘కార్పస్’ అనే మాట రాయకండి. అలా రాస్తే ఆ డబ్బు మూలధనంగా ఉంచాలి, వాళ్ళు ఈ ఏడాది మందులకి వాడుకోలేరు. నాన్నగారికి తన కారు దేనికి పనికొచ్చిందో కళ్ళతో చూడాలని ఉంటుంది కాబట్టి ముందే వెళ్ళి, ఇంత డబ్బుకి ఏం అవసరమని అడగండి. వాళ్ళు ఫలానా పరికరమనో, ఇంతమంది పిల్లల రక్తమార్పిడి ఖర్చనో చెబితే ఉత్తరంలో అదే రాయండి.

అన్నయ్య కూడా దీనికి కొంత కలుపుతానంటే ఆయన పాస్‌పోర్టు ఏదో చూడండి. భారత పాస్‌పోర్టుతో ఎన్నారైగా ఉంటే ఇబ్బంది లేదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారతీయులకిచ్చేది) ఉన్నా సరే అది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషను ఉన్న సంస్థకి, ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో వాళ్ళకుండే ప్రత్యేక ఖాతాకే పంపాలి. నాన్నగారి ఖాతాలో వేసి అక్కడినుంచి తిప్పి ఇప్పించడం లాంటి అతితెలివి వద్దు.

ఇన్సూరెన్సులో నో క్లెయిమ్ బోనస్ ఇంకా ఏమైనా బతికుంటే అది నాన్నగారిది, కారుతో పోదు. అమ్మాక కంపెనీ నుంచి లెటర్ తీసుకుంటే మూడేళ్ళలోపు ఇంకో కారుకి వాడుకోవచ్చు. ఇక కింద ఈ మూడూ రాయండి, ధర గురించి అప్పుడు ఏమైనా చెప్పగలను: ఇంజను ఎన్ని లీటర్లది, గేరు మాన్యువలా ఆటోమేటికా, రెండో తాళం దొరికిందా. మాన్యువల్ అయితే మాత్రం ఏ బ్రోకరుకీ ఫోన్ చేయకుండా ముందు నాకు చెప్పండి.